రాయి లేని నేల

మా నాయన తన జీవితంలో నోరు తెరిచి అడిగింది ఒక్కటే. రాయి లేని నేల చూడాలన్నాడు. ఆ ఒక్కటి తీర్చడానికి ఒక చలికాలమంతా నేను ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళతో పోట్లాడవలసి వచ్చింది.

మాది రాయదుర్గం. ఇప్పుడక్కడ మెట్రో ఆగుతుంది, అద్దాల మేడల్లో జనం చల్లగా కూర్చుని పనిచేసుకుంటారు. నేను చెప్పేది డెబ్బైల మొదటి రోజుల సంగతి. అప్పుడు గుట్టలు, సీతాఫలం పొదలు, పొద్దస్తమానం రాళ్ళు కొట్టే చప్పుడు. పదిహేనేళ్ళ వయసులో ఆ గుట్ట ఎక్కిన నాయన, నాకు పెళ్ళీడు వచ్చి దాటిపోయినా అక్కడే రాయి కొడుతున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. అమ్మ గడపలోనే కొంగుతో దులిపేది. పిండిమర నుంచి వచ్చినవాడి ఒంటి మీద పిండి ఉండదా, ఇదీ అంతే అనుకున్నాం.

ఆ ఏడు దగ్గు ముదిరింది. మంచం దిగి వాకిట్లోకి రావడానికే ఆయాసపడేవాడు. నేను అప్పటికి పట్నంలో ఒక దవాఖానలో నర్సుగా చేస్తున్నాను. అక్కడికే తీసుకుపోయి చూపించాను. ఎక్స్‌రే చూసిన డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందనీ, దానికి మందు లేదనీ, మళ్ళీ వానలు పడేదాకా ఉండడం కష్టమనీ చెప్పాడు. దుమ్ము లేనిచోట ఉంటే కొంచెం సుఖపడతాడన్నాడు. అమ్మకు అంతా చెప్పాను. నాయనమ్మకు మాత్రం ఉత్త దగ్గేనని చెప్పి ఊరుకున్నాం. నాయన ఏమీ అడగలేదు. అడగని మనిషికి ఏం చెప్పాలి?

నాతో పనిచేసే ఒక నర్సుది కృష్ణా జిల్లా. నది సముద్రంలో కలిసేచోట ఉన్న దీవుల్లో ఒకదాని మీద ఆమె పుట్టిల్లు. నాయన సంగతి విని ఆమె అంది: "ఓసారి మా ఊరు తీసుకురండి. అక్కడ గాలి ఆగనే ఆగదండి. ఇళ్ళ కప్పులు ఎగిరిపోకుండా తాళ్ళేసి కట్టుకుంటాం. రాతిదుమ్మన్న మాటే ఉండదు. ఉండడానికి ఆ నేలలో ఒక్క రాయి కూడా లేదు."

ఆదివారం ఇంటికి వచ్చి, నాయన వీపు రాస్తూ ఊరికే ఈ మాట చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూశాడు.

"ఒక్క రాయి గూడ ఉండదా?"

"ఉండదంట నాయినా. అంత మన్నే, ఇసుకనే. ఏరు తెచ్చి పోసిన నేలంట."

"రాయి లేని నేల ఉంటదా బిడ్డా? జర చూడాలె నేను."

అంతే. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. అది చూసి నేను పట్టుబట్టాను.

మా ఇళ్ళల్లో పెళ్ళికో చావుకో ఊరు కదిలేవాళ్ళు, మొక్కు ఉంటే గుడికి పోయేవాళ్ళు. ఊరికే చూసి రావడానికి పోవడమనేది ఎరగరు. అమ్మ నా మీద విరుచుకుపడింది.

"పానం బాగలేని మనిషిని ఊర్లు తిప్పుతవా? గాలి కోసం ఎవలన్న రైలెక్కుతరా? మన గుట్ట మీద లేదా గాలి?"

"ఆ గాలే కదమ్మా గింత చేసింది," అన్నాను.

అమ్మకు ఇంకో సాకు దొరికింది. "మొన్నమొన్ననే తెలంగాణ కొట్లాటలాయె. ఆంధ్రోళ్ళ ఊరికి పోయి వాళ్ళతోని మాటలు పడాల్నా?" ఆమెకు అసలు భయం అది కాదని నాకు తెలుసు. అంత దూరంలో ఆయనకేమైనా అయితే ఎట్లా అన్నదే ఆమె దిగులు. దాన్ని నోటితో అనలేక ఆంధ్రోళ్ళ మీద పెట్టింది. "ఏమన్న అయితే నేనున్న కదమ్మా, నర్సును," అంటూ రోజూ నూరిపోస్తే చివరికి మెత్తబడింది.

నాయనమ్మ మెత్తబడే రకం కాదు. నాయన పుట్టినప్పుడు నార్సింగి పంతులు చూసి, పిల్లవాడికి నీళ్ళ గండం ఉందని చెప్పాడట. అప్పటి నుంచి ఆమె కొడుకును నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. ఊళ్ళో పిల్లలంతా చెరువులో ఈదుతుంటే నాయన గట్టు కింద నిలబడేవాడు. గోపన్‌పల్లిలో అమ్మను చేసుకోవడానికి పోయిన పెళ్ళి బండి, మధ్యలో వాగు ఉందని చుట్టూ తిరిగి పోయి, ముహూర్తం తప్పేంత పని చేసింది. ఇంట్లో కూడా ఆయన స్నానానికి ముంతే. బిందెతో తలమీద పోసుకుంటే నాయనమ్మ ఊరుకునేది కాదు. ఇవన్నీ చెప్పుకుని మేం నవ్వుకునేవాళ్ళం. చెరువు కింద పొలం మా చిన్నాయన చేతికి పోయి, పెద్దకొడుకైన నాయన గుట్టకు పోవడం కూడా అందువల్లే. చెరువు కింద తడిలో పనిచేయాలి. గుట్ట మీద నీళ్ళుండవు.

అలాంటి మనిషి దగ్గరికి దీవి మాట తీసుకుపోయాను.

"చుట్టూత నీళ్ళుండే జాగకు నా కొడుకునా? నేను సచ్చినంక తీస్కపో," అంది.

ఎంత బతిమాలినా అదే మాట. నాకు ఒళ్ళు మండింది. సరే, నీ పంతులు చేతే చెప్పిస్తానని, ఒకనాడు పొద్దున్నే ఆమెను బండెక్కించి నార్సింగి తీసుకుపోయాను. పాత పంతులు ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు అరుగు మీద కూర్చుని మా మాట విన్నాడు, కొంచెం నవ్వాడు.

"నీళ్ళ గండమా? అది పసిపిల్లలకు చెప్పేదవ్వా. పన్నెండేండ్లు దాటినంక ఉండదు. మా నాయిన చెప్పలేదా?"

నాయనమ్మ ఆయన వంక అలాగే చూసింది. "ఎప్పటిదాక అని నేను అడగలే," అంది.

నేను గెలిచాననుకుంటూ బండెక్కాను. మా ఊరి గుట్ట కనబడ్డాక నాయనమ్మ నన్ను చూడకుండా అంది: "గీ గుట్ట మీదికి తోలినప్పుడు వానికి పదిహేనేండ్లు." ఇంటి ముందు దిగుతూ, "పోదాం. నేను గూడ వస్త," అంది.

లింగంపల్లి స్టేషను దాకా ఎడ్లబండి, తర్వాత రైళ్ళు, బస్సు. నాయన కూర్చుని కూర్చుని నీలుక్కుపోయాడు. చివరికి రేవులో పడవ ఎక్కేటప్పుడు నాయనమ్మ తన కొంగు తీసి ఆయన మొలకు ముడి వేసింది.

"పంతులు చెప్పిండు కదనే," అన్నాను.

"పంతులు మాట పంతులుది. నా భయం నాది."

ముసలితల్లి కొంగుకు కట్టుబడి కూర్చున్న ఆ పెద్దమనిషిని చూసి పడవవాళ్ళు నవ్వారు. నాయన కూడా సిగ్గుపడుతూ నవ్వాడు.

ఆ దీవి మీద గాలి నేను అనుకున్నట్టు లేదు. మంచి గాలి అంటే చల్లగా, హాయిగా ఉంటుందనుకుని అందరినీ ఒప్పించాను. అది మనిషిని నెట్టే గాలి. సరుగుడు చెట్లన్నీ ఒకవైపుకే వంగి ఉన్నాయి. అరిస్తే తప్ప మాట వినపడదు. దానికి ఎదురుగా నిలబడితే నాయనకు ఊపిరే అందలేదు. వీపు తిప్పి, నోరు తెరుచుకుని, అందినంత పీల్చుకునేవాడు. అమ్మ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు.

కానీ నాయన ఆ రెండు రోజులూ నేల చూస్తూ తిరిగాడు. పది అడుగులు వేయడం, ఆగడం, పుల్లతో మట్టి తవ్వడం. ఎక్కడా గులకరాయి కూడా లేదు. మా నర్సు పుట్టింటి పెరట్లో మాత్రం ఒక రుబ్బురోలు కనిపించింది. దాని పక్కన చతికిలబడి అరచేత్తో అంచు తడిమాడు.

"ఇదెట్లొచ్చిందమ్మా ఈడికి?" అని నర్సు తల్లిని అడిగాడు.

"పడవ మీద తెచ్చుకున్నామండి. మాకిక్కడ రాయి ఎక్కడుంది బాబూ!"

నాయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగి ఎంతకీ ఆగలేదు. ఇంట్లోవాళ్ళు చెంబుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

మర్నాడు సాయంత్రం అందరం సముద్రం ఒడ్డున కూర్చున్నాం. నీళ్ళు కనబడగానే నాయనమ్మ మళ్ళీ ఆయన మొలకు కొంగు ముడి వేసింది. బెస్తవాళ్ళ పిల్లలు అలల్లో దొర్లుతుంటే నాయనమ్మ వాళ్ళనే చూస్తోంది. ఉన్నట్టుండి నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. వాని పానం దేనితోని పోతున్నది?"

అబద్ధం ఆడదామనుకున్నాను. నిన్నటి ఆ దగ్గు విన్నాక అబద్ధం నిలవదు. "రాతిపొడి నాయినమ్మా. గుట్ట మీది పొడి లోపల పేరుకపోయింది," అన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు ఆమె మీద పట్టరాని కోపం ఉంది. నోటి దాకా వచ్చిన మిగతా మాట మింగేశాను. నేను అనాల్సిన అవసరం లేకపోయింది.

ఆమె వేళ్ళకు ఆ ముడి వెంటనే రాలేదు. తడి గాలికి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది. "పో కొడుకా, పోయి నిలబడు," అంది. నాయన మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. అమ్మ చెయ్యి పట్టుకుని నడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలో గాలికి వీపు పెట్టి నిలబడ్డాడు. చీకటి పడుతుందని మేం పిలిచేదాకా రాలేదు.

డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఎండలు ముదిరినప్పుడు, గుట్ట మీద మందు పెట్టి పేల్చే చప్పుడు వింటూ, మా ఇంట్లో మంచం మీదే పోయాడు. వాకిట్లో పీట వేసి స్నానం చేయించడానికి కూర్చోబెట్టారు. ఎవరో ముంత తెచ్చారు. నాయనమ్మ దాన్ని పక్కకు నెట్టేసి, లోపలికి పోయి నిండు బిందె మోసుకొచ్చింది. అంత బరువు ఆ వయసులో ఎలా ఎత్తిందో తెలియదు. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. కొడుకు తల మీద మొత్తం వంచేసింది.

"నిండుగ పోస్కో కొడుకా," అంది. "నీళ్ళు నిన్నేం జేయలేదు. నేనే జేసిన."

బిందె ఖాళీ అయినా ఇంకా వంచే పట్టుకుని నిలబడింది. నేను పోయి ఆమె చేతుల్లోంచి తీసుకున్నాను.