మామగారి కారూ, మా తోడికోడలూ

మొన్న మా అమ్మాయి నన్ను గుంటూరు బజారుకు తీసుకెళ్ళి, కారు ఆపి తాళం తీసేశాక కూడా ఇంజను ముందరి ఫ్యాను గుయ్యిమని తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు వినగానే నాకు కడుపులో పాత మంట ఒకటి మళ్ళీ రాజుకుంది.

మా మామగారికి ఒక పాత తెల్లకారు ఉండేది. కారులో నాకు తల తిప్పుతుందని ముందు సీటులో కిటికీ పక్క చోటు, పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ నాదే. ఎండల్లో మిరప బస్తాల బళ్ళ వెనక నెమ్మదిగా పోవలసి వస్తే చాలు, రేడియేటర్‌లో నీళ్ళు తెర్లి ఆవిరి కక్కేది. అది చల్లారేదాకా మేమంతా పత్తిచేల గట్టున తుమ్మచెట్టు నీడన కూర్చునేవాళ్ళం.

అలాంటి రోజుల్లో మా మరిది పెళ్ళయి తోడికోడలు వచ్చింది. పిడుగురాళ్ళలో సున్నపురాయి లారీలున్న ఇంటి పిల్ల. ఇంజను వేడెక్కకుండా మామగారు కారుకి ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టిస్తానంటే, కొంగు నడుముకి దోపి ఇంజను మీదికి వంగి చూసి, "ఈ డైనమోతో ఆ ఫ్యాను తిప్పితే బ్యాటరీ దిగిపోద్ది మామయ్యగారూ. ముందు కరెంటు ఎక్కువ పుట్టించే ఆల్టర్నేటర్ వేయించండి, రేడియేటర్ కూడా పెద్దది పెట్టించండి" అంది. ఎవరి మాటా వినని ఆ మనిషి "సరేనమ్మా" అన్నారు. ఇన్నాళ్ళ నా చాకిరీకి ఏనాడూ దక్కని మాట అది.

ఇద్దరూ గుంటూరు వెళ్ళి, షెడ్డు దగ్గరే పొద్దంతా కూర్చుని పని చేయించుకొచ్చారు. ఇంజను వేడి చూపించే సూదిని కనిపెట్టి ఉండాలన్న వంకతో ఆ సాయంత్రం నుంచి ముందు సీటు ఆవిడదైపోయింది. భోజనాల దగ్గర మా వారు కూడా "మరదలికి ఎన్ని తెలుసో!" అంటే, మజ్జిగ గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టాను.

మిర్చి యార్డుకి సరుకు జోరుగా వచ్చే రోజుల్లో నాకు పురిటినొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికని బయల్దేరితే, గుంటూరు పొలిమేరలో ట్రాక్టర్లు బారులు తీరి, మిట్టమధ్యాహ్నం ఆ ఘాటులో కారు కదలకుండా నిలిచిపోయింది.

"ఎట్టా ఉందమ్మా ఇప్పుడు?" అన్నారు మామగారు ఆత్రంగా.

వెనక సీటులో మా వారి చెయ్యి పట్టుకుని, ఓర్చుకుంటున్నానని నేను చెప్పబోయేలోగా, "సగం కూడా దాటలేదు మామయ్యగారూ" అంది తోడికోడలు.

ఆయన అడిగింది సూది సంగతి! నాకు ఏడుపొచ్చింది, నొప్పికి మాత్రం కాదు. ఒక్క క్షణం, ఈ కారు ఇప్పుడే ఆవిరి కక్కితే బాగుండునని కూడా అనిపించింది.

కక్కలేదు. వేళకి ఆసుపత్రికి చేరాం, అమ్మాయి పుట్టింది. చూడవచ్చిన ప్రతివారికీ మామగారు ఉయ్యాల పక్కన నిలబడి ఆల్టర్నేటర్ సంగతే చెప్పారు. తోడికోడలు పిల్లని ఎత్తుకుని, "అచ్చం నీ ముక్కే అక్కా" అంటే, పిల్లని ఇలా ఇవ్వమని చేతులు చాపాను.

మామగారు పోయారు. కారు అమ్మేశాం, ఇళ్ళు వేరుపడ్డాయి. తోడికోడలు మంగళగిరిలో ఉంటోంది, మోకాళ్ళ నొప్పులట. ఇప్పుడు ఎవరి కారు వాళ్ళది, దారిలో ఎక్కడా దిగి కూర్చునే పనే లేదు. ఒకరినొకరు చూసి కుళ్ళుకోవడానికైనా ఒకచోట ఇరుక్కుని బతకాలి కదా! ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే "బాగున్నావా అక్కా" అంటుంది, "బాగున్నానమ్మా" అంటాను. తర్వాత ఎవరి వాళ్ళతో వాళ్ళం భోజనానికి వెళ్ళిపోతాం.