చుక్కల బొద్దింకలు, మస్తాన్ గారికి ఇచ్చిన మెమో

పదేళ్ళ కిందట జూన్ నెలలో గుడివాడ నుంచి బందరు డిగ్రీ కాలేజీకి జంతుశాస్త్ర విభాగాధిపతిగా బదిలీ అయ్యాను. ఆ డిసెంబరులో ల్యాబులో బొద్దింకల పెంపకం మొదలుపెట్టాను. ఇళ్ళల్లో చెప్పుతో కొట్టే రకం కాదు. పొడినేల అడవుల్లో రాలిన ఆకుల కింద బతికే చుక్కల బొద్దింక. నల్లటి రెక్కల మీద గుండ్రటి తెల్లచుక్కలు. కడప వైపు పనిచేసే నా క్లాస్‌మేట్ తాను పెంచినవి పన్నెండు ఇచ్చింది. పురుగు జీవితచక్రాన్ని విద్యార్థులకు బొమ్మలో కాకుండా కళ్ళెదుట చూపించాలని నా ఆశ.

పెంపకం కష్టమేమీ కాదు. గాజుతొట్టిలో జానెడు మందాన కొబ్బరిపొట్టు, పైన ఎండుటాకులు. ఒక మూల మాత్రం తడిగా ఉంచాలి. మేతకి ఓట్స్, క్యారెట్ ముక్కలు. పైకి పాకకుండా లోపలి అంచుకి వాజలైన్ రాసి, వలమూత పెట్టాలి. ఇవన్నీ ల్యాబ్ అటెండర్ మస్తాన్ గారు చూసేవారు. మరుసటి జూన్‌లో రిటైర్ కావలసిన మనిషి. "బొద్దింకలకి ఓట్స్ పెట్టొచ్చానంటే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూస్తోందండీ" అని నవ్వేవారు.

ఫిబ్రవరి చివరికి పన్నెండూ చచ్చిపోయాయి. పెంపకం విఫలమైందని రిజిస్టర్లో రాసి, తొట్టి ఖాళీ చేసి కడిగించమని ఉత్తర్వు ఇచ్చాను. మస్తాన్ గారు ఏదో చెప్పబోయారు. తనిఖీ కమిటీ వస్తోంది, నా చేతినిండా ఫారాలు. "చెప్పిన పని చెయ్యండి" అన్నాను.

ఏప్రిల్‌లో స్టోర్ రూములో పాత బల్ల కింద అదే తొట్టి కనిపించింది. కొబ్బరిపొట్టు అలాగే ఉంది, ఒక మూల తడి కూడా ఆరలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ పూటే మెమో ఇచ్చాను. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. మూడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అది సరిగా లేకపోతే సంగతి సర్వీసు రిజిస్టరుకెక్కుతుంది. రిటైర్మెంటు ముందు అది ఎవరికీ మంచిది కాదు. అందుకున్నట్టు ఆయన సంతకం పెట్టారు. ముప్ఫై ఏళ్ళలో అదే మొదటి మెమో అట.

మర్నాడు కాగితం తేలేదు. తొట్టి, డిసెక్షన్‌కి వాడే తెల్ల ట్రే పట్టుకుని నా గదికి వచ్చారు. "రాయడం నాకు సరిగా రాదు మేడమ్. ఇది చూడండి" అని గుప్పెడు పొట్టు ట్రేలో పోశారు. అది కదిలింది. గోధుమరంగు పిల్లలు, కందిబద్దంతేసి, మళ్ళీ పొట్టులోకి దూరడానికి తంటాలు పడుతున్నాయి.

"పోయినవి పెద్దవేనండి. జనవరిలో ఊడుస్తుంటే గింజల్లాంటివి దొరికాయి, అంచుకి రంపప్పళ్ళున్నట్టు. ఒకటి అగ్గిపెట్టెలో పెడితే పిల్లలొచ్చాయి. మీరు తొట్టి కడగమన్నరోజు చెబుదామనుకుంటే బిజీగా ఉన్నారు."

అవి గుడ్ల సంచులు. వాటి గురించి పాతికేళ్ళుగా క్లాసులో పాఠం చెబుతున్నది నేను. పెద్ద పురుగులు రెండు మూడు నెలలే బతుకుతాయని, పిల్లలు నెలల తరబడి మట్టిలోనే పెరుగుతాయని కూడా నాకు తెలుసు. సిగ్గేసింది. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. నలభై ఒకటి.

నోటిమాటతో మెమో రద్దు కాదు. పొరపాటు నాదేనని రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో ఉపసంహరణ ఉత్తర్వు ఇప్పించాను. మస్తాన్ గారు జూన్‌లో మచ్చలేని రిజిస్టరుతో రిటైరయ్యారు. అక్టోబరులో మొదటి చుక్కల రెక్కలు బయటికి రాగానే ఫోన్ చేశాను. భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ చాలాసేపు తొట్టిలోకి చూసి, "మా ఇంట్లోవి కూడా ఇలాగే ఉంటే చీపురెందుకు ఎత్తుతానండీ" అన్నారు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మా విభాగంలో ఏది పారేయాలన్నా, నా సంతకానికి ముందు అటెండర్ ఏం గమనించారో రాయడానికి ఫారంలో ఒక గడి ఉండేది. రాయడం రానివారు చెబితే నేనే రాసుకునేదాన్ని.