సీసాలమ్మ సాక్ష్యం

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో గాజు సీసాలు కడిగే ఆవిడను అందరూ సీసాలమ్మ అంటారు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. కడిగిన ప్రతి సీసానూ కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తుంది. మరక కనిపిస్తే మళ్లీ తొట్టిలోకే. యాసిడ్ చురుక్కుమంటే చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటుంది. గ్లవ్స్ అడగవచ్చని ఆవిడకు ఎప్పుడూ తోచలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మిన మనిషి. పైవాళ్లు ఎవరు పలకరించినా ఒకటే జవాబు: "నాకేం బాధ లేదు సార్."

అలాంటి మనిషికి, మూడు రోజులుగా కాలేజీ మెట్ల మీద నోరెత్తకుండా కూర్చున్న నలభైమంది పిల్లలను చూస్తే ఒళ్లు మండింది. ముందు వరుసలో ఉన్నది అక్క కూతురే. తల్లి పోయాక తనే పెంచి, డిగ్రీ చివరి ఏడాది దాకా లాక్కొచ్చిన పిల్ల.

"ఏమే, తిన్నది అరక్క కూర్చున్నావా? పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి, లే!"

"ల్యాబులో పనిచేసేవాళ్లకి గ్లవ్స్ ఇచ్చేదాకా లేవం పిన్నీ."

"నేనడిగానా నిన్ను?"

"నువ్వడగవనే మేం అడుగుతున్నాం."

నాలుగో రోజు పొద్దున ప్రిన్సిపాల్ వరండాలో ఎదురుపడి, "పనిలో ఏమన్నా ఇబ్బందా అమ్మా?" అన్నాడు నవ్వుతూ. ఎప్పటిలాగే "నాకేం బాధ లేదు సార్" అంది. అంత పెద్దాయన అడిగాడు కదా అని మురిసిపోయింది కూడా, పిచ్చిది!

మధ్యాహ్నానికి నోటీసు బోర్డు దగ్గర గుంపు. ఎవరో పైకి చదివారు. ఇబ్బందేమీ లేదని ల్యాబు మనిషే చెప్పిందట, కాబట్టి పిల్లలు అబద్ధాలు ప్రచారం చేస్తున్నారట. ఆరుగురిని ఈసారి పరీక్షలు రాయనివ్వరట. మొదటి పేరు అక్క కూతురిది.  అది సీసాలమ్మ నోటి అలవాటుకు అన్న మాట!

ఆ పిల్ల ఏడవలేదు. "నువ్వలా అనే ఉంటావని తెలుసు పిన్నీ" అని మళ్లీ వెళ్లి మెట్ల మీద కూర్చుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంతలో ఆఫీసు నుంచి కబురు. గుమాస్తా టైపు చేసిన కాగితం, ఇంకు ప్యాడు ముందుకు జరిపాడు.

"పొద్దున నువ్వన్న మాటే రాశాం. వేలిముద్ర వెయ్యి."

ఆవిడ కాంట్రాక్టరు మనిషి. ఇన్నేళ్లలో ఆమె ముద్ర అడిగినవాళ్లే లేరు. వెయ్యనని అనడానికి నోరు రాలేదు. బొటనవేలు నొక్కింది. కాగితం మీద నల్లటి మచ్చ పడింది. అందులో గీత అన్నది లేదు.

"సరిగ్గా నొక్కమ్మా."

నొక్కింది. మచ్చే. ఇంకో వేలు, ఇంకో వేలు. పది వేళ్లూ అయ్యాయి.  సీసాలమ్మ తన వేళ్లను కిటికీ వెలుగులోకి ఎత్తి చూసుకుంది. సీసాల మరకలు వెతుక్కుంటూ, తన వేళ్ల మీద గీతలు ఎప్పుడు పోయాయో చూసుకోనేలేదు.  కోపమొచ్చింది, ముందు తన మీదే.

కాగితం తీసుకుని, తలుపు కొట్టకుండానే ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి బల్ల మీద పెట్టింది. 

"సార్, అబద్ధం చెప్పింది పిల్లలు కాదు. నేను."