బానకొక మంగళవార్త

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె గంతులేస్తుంది. కుంఫిణీవాళ్ల ఏలుబడిలో మా పోదనూరు వైపు తెల్ల క్రైస్తవ గురువు ఏడాదికొక్కసారి వచ్చేవాడు. మేం సామియార్ అనేవాళ్లం. జపాలు అప్పజెప్పలేని పిల్లకు ఆయన పెళ్లి చేసేవాడు కాదు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నాకేమో ఒక్క పూట ఆగాలన్నా ప్రాణం మీదికొచ్చేది. పెళ్లికొడుకును సంతలో దొంగచూపు చూసి ఉన్నాను మరి!

జపమాల అంటే మాకు బావి దగ్గరి పని. నాన్న కపిల తోలేవాడు. ఎద్దులు వాలులో దిగుతూ తోలుబానను పైకి లాగేటప్పుడు, దేవమాతకు చెప్పే మంగళవార్త జపంలో మొదటి సగం ఆయన చెప్పేవాడు. అవి వెనక్కి నడిచొచ్చేలోగా, కాలువలో నీళ్లు మళ్లిస్తూ రెండో సగం నేను పలికేదాన్ని. బానకొక పూస. ఇంట్లో మాది తెలుగే, జపం మాత్రం అరవంలో.

ఆ రోజు జపమాల పునీతుడి పండుగ. గుడిలో ఊరివాళ్లందరి ఎదుట సామియార్ నన్ను మొదట ఆ పునీతుడి చరిత్ర అడిగాడు. అదెంత పని! ఆ పునీతుడు ఊరూరా కాలినడకన తిరగడం, ఎవరూ మాట వినక అడవిలో కూర్చుని ఏడవడం, దేవమాత దిగివచ్చి చేతికి జపమాల ఇవ్వడం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అమ్మలక్కలు కళ్లు తుడుచుకున్నారు. నేను నేల మీద లేను.

"ఇంక మంగళవార్త సొల్లు," అని అరవం కలిపి చెప్పమన్నాడు సామియార్.

నోరు తెరిచాను. మాట రాలేదు. రోజూ విన్నదే, కానీ మొదటి సగం ఏనాడూ నా నోట అన్నది కాదు. రెండో సగం మాత్రం గడగడా వచ్చేసింది. సామియార్ కనుబొమలు ముడిచాడు.

తలుపు దగ్గరున్న నాన్న ఉండబట్టలేకపోయాడు. "సామీ, మొదులు సెప్పేది నా పంగు, నా వంతు. నేను ఎత్తిస్తే బిడ్డ సెప్తాది."

"ఆ బిడ్డ పోయే ఇంట్లో ఎత్తిచ్చేదెవరు?" అని అరవంలో అడిగాడు సామియార్.

పెళ్లికొడుకువాళ్లు ఆ ఏడే జ్ఞానస్నానం పొందినవాళ్లు. అక్కడ జపం తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. నాన్న ఉండడు. మొదలుపెడితే నేనే మొదలుపెట్టాలి.

"కొంచెం ఉండండి సామీ, నేనే సెప్తాను," అని లేచి నిలబడ్డాను.

కళ్లు మూసుకుని, ఎద్దులు వాలులో దిగుతున్నాయనుకుని ఎత్తుకున్నాను. ఎంత గట్టిగా అరిచానో, వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వితే నవ్వనీ! మాటలు వస్తున్నాయి, ఒకదాని వెంట ఒకటి, నా గొంతుతోనే వస్తున్నాయి. సగం అయ్యాక నాన్న ఆగే చోటే నేనూ ఆగాను.

తలుపు దగ్గర నుంచి రెండో సగం వినిపించింది. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని, నా తర్వాత నాన్న పలుకుతున్నాడు.

సామియార్ తల ఊపాడు. పెళ్లి ఖాయమైంది. నేను నాన్నను చూసి భోరుమన్నాను.