ముందు నీళ్లు, తర్వాత చీపురు

ఆదివారం పని పెట్టుకొని శనారం పొద్దుగాల పోతరా ఎవలన్న?

గిదేం పద్ధతి గంగారాం?

నిన్న పొద్దున ఆరున్నరకు గంగారాం బిడ్డ లావణ్య ఫోన్ చేసింది. "మామా, బాపు లేస్తలేడు."

"రేపటి పనికి ఇయ్యాలనే అలిసిపోయిండా?" అన్నాను.

అటువైపు ఏడుపు వినపడేదాకా జోకే అనుకున్నాను.

గుండె ఆగింది. నిద్రలోనే.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. గంగారాం నా క్లాస్‌మేట్. రాయికల్ దగ్గర మా ఊరి బడిలో, సిమెంటు రేకుల కింద, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. వాన పడితే రేకుల చప్పుడుకు సార్ మాట వినపడేది కాదు. అందుకే మాది ఎక్కువగా ఎండాకాలం చదువు.

తర్వాత నేను కోరుట్లలో మోటార్ వైండింగ్ షాపు పెట్టాను. వాడు గల్ఫ్ పోయి పాత బిల్డింగులు కూల్చే కంపెనీలో చేరాడు.

మొదటి రోజే తెల్ల సూటు, ముఖానికి పెద్ద మాస్కు. ఫోటో దిగి ఇంటికి పంపాడు.

ఊళ్లో అందరూ డాక్టర్ అయ్యాడనుకున్నారు.

ఆ సూటు సిమెంటు రేకులు దించడానికని వాడు వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పగలగొడితే కంటికి కనపడని నూగు లేచి, ఊపిరితిత్తుల్లోకి దిగి, అక్కడే ఉండిపోతుంది.

డాక్టర్ పేరు మాత్రం పోలేదు. నిన్న చివరి చూపుకు సిరిసిల్ల నుంచి ఒక పవర్‌లూమ్ షెడ్డు ఓనర్ వచ్చాడు. తన షెడ్డు రేకులు ఎలా దించాలో గంగారాం ఫోన్‌లోనే చెప్పాడట. "డాక్టర్ సాబ్ ఏ హాస్పిటల్ల చేసేటోడు?" అని నన్నే అడిగాడు.

"రేకుల వార్డుల" అన్నాను.

నిరుడు నా షాపు రేకులు మార్చాలనుకున్నాను. ఇద్దరు కూలీలకు చెరో సుత్తి ఇచ్చాను. అంతకంటే తొందరైన దారి లేదని నా నమ్మకం.

అప్పుడే గంగారాం బండి దిగాడు. వీపుకు పురుగుమందు కొట్టే పంపు. కొత్తది, దాంట్లో మందు ఎప్పుడూ పోయలేదు. నీళ్లూ కొంచెం సబ్బూ, అంతే.

"ఏందిరా, రేకుల మీద వరి ఏసినవా?" అన్నాను.

నవ్వలేదు. "సుత్తులు కింద పెట్టి దిగుర్రి ముందు" అన్నాడు. కూలీలు ముక్కుకు కట్టుకున్న దస్తీలు చూశాడు. "దస్తీ దొంగతనానికి పనికత్తది, దుమ్ముకు కాదు." సంచిలోంచి అసలైన మాస్కులు తీసి ఇచ్చాడు.

రేకులు బాగా తడిపాడు. బోల్టులు విప్పించి, ఒక్కటి కూడా పగలకుండా దింపించి, మందపాటి పాలిథిన్ కవర్లో చుట్టించాడు.

అంతా అయ్యాక మా ఇంటామె చీపురు పట్టుకొని వచ్చింది.

"చెల్లే! చీపురు కింద పడెయ్!"

ఒక్క అరుపుకు పడేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చేయలేని పని.

"ముందు నీళ్లు చల్లు, తర్వాత తడి గుడ్డతోని తుడువు. గా గుడ్డ గూడ గీ కవర్లనే ఎయ్యాలె. పొడిగ ఊడిస్తె దుమ్ము లేసి మన ముక్కులకే వస్తది."

"ఇన్నేండ్లు గీ రేకుల కిందనే ఉన్నం గదన్నా, ఏమైంది?"

"పుట్టల పాము సొంటిది చెల్లె. చెయ్యి పెట్టనంతసేపు ఏం గాదు."

ఇక మా బడి సంగతి. కోతులు దుంకి దుంకి రేకులు పగిలాయి. స్లాబు మంజూరైంది. కాంట్రాక్టర్ జేసీబీ తెచ్చాడు. రేకులు కూల్చి, ఆ ముక్కలతోనే గ్రౌండు గుంతలు నింపుతానన్నాడు. ఊరంతా సంతోషం.

గంగారాం పోయి జేసీబీ ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"ఏమైతదన్నా? రేపే దగ్గు అత్తదా?" అని కాంట్రాక్టర్ అడిగాడు.

"రేపు రాదు తమ్మీ. గీ గ్రౌండ్ల కబడ్డి ఆడే పోరగాండ్లు మనంత అయినంక అత్తది. గప్పుడు నువ్వుండవు, నేనుండ. ఎవల్ని అడుగుతరు?"

జేసీబీ వెనక్కి పోయింది.

ఆ రేకులు ప్రమాదకరమైన చెత్త కింద లెక్క. ఎక్కడంటే అక్కడ పారబోయడానికి లేదు, లైసెన్సు ఉన్నవాళ్లకే అప్పగించాలి. గంగారాం జగిత్యాలకు చెప్పులరిగేలా తిరిగి కాగితాలు తెచ్చాడు. లారీ సోమవారం వస్తుంది. పిల్లలు ఉండరని రేకులు దించడం ఆదివారానికి పెట్టాడు.

అంటే ఈ రోజుకు.

నిన్న దహనం అయ్యాక, పని ఆపుదామన్నాను. గంగారాం భార్య దేవమ్మ ఏడుస్తూనే వరండాలో ఉన్న పంపు చూపించింది.

"లారీ ఒక్కసారి పోతే మల్ల ఎన్నడత్తదో. ఆయన తిరిగిన తిరుగుడు ఆగం చేయకుర్రి అన్నా. తీస్కపోర్రి."

శనివారం పోయినవాడు తోడు అడుగుతాడని మా దగ్గర నమ్మకం. అందుకే నిన్న పాడెకు కోడిపిల్లను కట్టారు.

ఇప్పుడు బడి గోడ మీద కూర్చొని ఇది రాస్తున్నాను. పద్నాలుగు మంది వచ్చారు. కాంట్రాక్టర్ తనే మాస్కుల డబ్బా తెచ్చాడు. నిరుడు చీపురు పడేసిన మా ఇంటామె పంపులో సబ్బు కలుపుతోంది.

తోడు దొరికింది గంగారాం. ఒక్క కోడిపిల్ల నీకు యాడ సరిపోతది?

దుమ్ము లేని జాగల, మాస్కు లేకుంట, కడుపునిండ గాలి పీల్చుకో. నీ పానం సల్లగుండాలె.

"ఇగో! ఫోన్ జేబుల పెడ్తవా, నిచ్చెన గూడ నన్నే ఎక్కమంటవా?"

మా ఇంటామె పిలుస్తోంది. అత్తున్న, అత్తున్న.

గంగారాం, ఇంకొక్క ముచ్చట. నిన్న ఫోన్ల నేనన్న మాట మనసుల పెట్టుకోకు, నాకు నిజంగ...