లారీకి సెలవు లేదు

ఆ బడికి ఉన్నవి రెండు గదులు, ఒక వరండా, వెనకాల రెండు మరుగుదొడ్లు, ముందు కాస్త ఆవరణ. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఊడ్చేదీ, నీళ్ళు పట్టేదీ, గంట కొట్టేదీ ఒక్కావిడే. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. పిల్లలకూ, వాళ్ళ అమ్మలకూ ఆవిడ గంటమ్మ. ఆ అమ్మల్లో సగంమంది చిన్నప్పుడు ఆవిడ చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళే.

పక్కన గోదాము వెలిశాక చిక్కు మొదలైంది. సందు ఇరుకు, లారీ తిరగదు. బడి విడిచాక ఆవరణలో లారీలు తిప్పుకోవచ్చని గోదాము యజమాని విద్యాశాఖ ఆఫీసు నుంచి కాగితం రాయించుకొచ్చాడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నట్టు, నెల తిరక్కుండా అవి పొద్దుటి నుంచే రాసాగాయి. నేలంతా గుంటలు పడింది. ఆటల గంటలో పిల్లలు వరండాలో మోకాళ్ళు ముడుచుకు కూర్చునేవారు. హెడ్మాస్టారు మంచివాడే గాని నోట్లో నాలుక లేనివాడు.

ఒకరోజు లారీ వెనక్కి వస్తూ వరండా స్తంభాన్ని గుద్దింది. పెచ్చు ఊడి ఒకటో తరగతి పిల్ల పలక మీద పడింది. పలక రెండు ముక్కలైంది. పిల్ల చేతికి దెబ్బ వెంట్రుకవాసిలో తప్పింది.

గంటమ్మ ఆ పెచ్చులన్నీ ఊడ్చి పారేసింది. మర్నాడు, సరుకు నిండిన లారీ లోపలికి రాగానే గంట కొట్టి, పెద్ద గేటుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"ఏంటమ్మా ఇది? తియ్యి, నాకు టైమైపోతోంది" అన్నాడు డ్రైవరు.

"గంట కొట్టాక లోపలున్నవాళ్ళు ఇంటిగంటకే బయటికెళ్ళాలి. ఇక్కడి రూలది. నువ్వు మనిషివి, చిన్న తలుపులోంచి పో నాయనా. లారీకి మాత్రం సెలవు లేదు."

పిల్లలు గొల్లుమన్నారు. అరగంటలో యజమాని వచ్చాడు. గంటలో ఆ కాగితమిచ్చిన ఆఫీసరు వచ్చాడు.

"ఊడ్చుకునేదానివి, నీకెందుకీ పెత్తనం?" అన్నాడు ఆఫీసరు.

"ఊడ్చేదాన్ని కాబట్టే చెప్తున్నా బాబూ. నిన్న స్తంభం పెచ్చులు ఊడ్చాను. రేపేం ఊడవమంటారో మీరే చెప్పండి."

ఆఫీసరు హెడ్మాస్టారు వైపు తిరిగాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, "ఆ రూలు నేను పెట్టిందేనండీ" అన్నాడు. ఎలాగైతేనేం మాట బయటికొచ్చింది.

లారీ నాలుగింటిదాకా కదల్లేదు.

మూడోనాడు గంటమ్మకు మెమో వచ్చింది. పదిహేను రోజులు పనిలోకి రాకూడదు. తప్పైందని రాసిస్తే వెంటనే రావచ్చు.

"నాలుగు ముక్కలు రాసిస్తే నీ సొమ్మేం పోయిందమ్మా? పెద్దవాళ్ళతో మనకెందుకు?" అని కూతురు బతిమాలింది.

"నాకు అక్షరాలొచ్చింది రెండో తరగతి పిల్లల పక్కన కూర్చునే. వాటితో అబద్ధం రాయమంటావా?"

పదిహేను రోజులూ ఆవిడ గేటు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. లారీ కనబడితే లేచి అడ్డంగా నిలబడేది. మూడోరోజు నుంచి తల్లులు తోడయ్యారు, ఒకామె ఉల్లిపాయలు తరుక్కుంటూ, ఒకామె చంటిదాన్ని జోకొడుతూ. పదోరోజుకు యజమాని లారీలను సందు చివరే ఆపి, సరుకు తోపుడుబళ్ళ మీద తెప్పించుకోసాగాడు. తల్లుల గొడవ పైఆఫీసు దాకా పోయి, ఆయనకిచ్చిన కాగితం రద్దయింది. గంటమ్మ మెమో మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

"తీసెయ్యమని అర్జీ పెడదామా?" అని అడిగాడు హెడ్మాస్టారు.

"ఉండనివ్వండి మాస్టారూ. నేనేం చేశానో ఎక్కడో ఒకచోట రాసుండాలిగా."

ఆ వారమంతా ఆయనా, పెద్ద పిల్లలూ గుంటల్లో మట్టి పోశారు. నేల గట్టిపడేదాకా ఆగే ఓపిక చిన్నవాళ్ళకు లేదు. ఆ మెత్తటి మట్టిలోనే దిగబడుతూ, పడుతూ, అరుస్తూ పరిగెత్తారు.