మా అపార్ట్‌మెంట్లో నేను పెట్టించిన సంతకాలు

కేంద్రం నుంచి మన వాటా మనకి రావట్లేదన్న మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. అక్కడ ఆంధ్రాలో ఉన్నప్పుడూ అంతే, ఇక్కడ అమెరికాలోనూ అంతే. ఇక్కడ మేముండే రాష్ట్రం ఫెడరల్ గవర్నమెంట్‌కి, అంటే ఇక్కడి కేంద్రానికి, కట్టేది బోలెడు, తిరిగొచ్చేది తక్కువ. ఆ వాటాలు మళ్ళీ తేల్చాలని ఇక్కడి నాయకులు పట్టుబట్టి, జనం చేత ఆన్‌లైన్‌లో సంతకాలు పెట్టిస్తున్నారు. ఆ లింక్ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది నేనే.

"వీసా మీద ఉన్నవాళ్ళం, మనకెందుకే ఈ గొడవలు?" అన్నారు మావారు.

"అడగందే అమ్మైనా పెట్టదు. ఓటు ఎలాగూ లేదు, సంతకమైనా పెట్టనివ్వండి," అన్నాను.

మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. తెలిసిన మనిషి పంపితే చదవడం ఎందుకు, నొక్కేయడమే. మిగిలినవాళ్ళని శనివారం, తలో వంటా తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్‌లో పట్టుకున్నాను. "ఏముంది ఇందులో?" అని ఒకావిడ అడిగింది. "మన డబ్బు మనకి ఇమ్మని, అంతే అక్కా," అన్నాను. నేను మాత్రం చదివి చచ్చానా!

మా పాపకి అప్పుడు రెండేళ్ళు దాటాయి, ఇంకా మాటలు రాలేదు. వారానికి రెండుసార్లు స్పీచ్ థెరపిస్ట్ ఇంటికొచ్చేది. పాపతోపాటు కార్పెట్ మీద కూర్చుని, సబ్బు బుడగలు ఊదుతూ, ఇంకా కావాలంటే "మోర్" అనమని నేర్పేది. రాష్ట్రం సగం, కేంద్రం సగం పెట్టుకునే పథకం అది. ఒకరోజు బుడగని చూసి పాప "బ" అంది. నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చేశాను.

వేసవిలో ఉత్తరం వచ్చింది. కేంద్రం వాటాల మీద దిగొచ్చేదాకా ఇలాంటి పథకాలకి రాష్ట్రం తన సగం ఆపేస్తుందట. పాప థెరపీ కూడా ఆగిపోతుంది. ఆ లింక్ తెరిచి అప్పుడు చదివాను. రెండో పేరాలోనే ఉంది, అలా ఆపమనే మేమంతా సంతకం పెట్టాం.

థెరపిస్ట్ ఆఖరిసారి వచ్చినప్పుడు కోపంతో ఊగిపోతోంది. "పసిపిల్లల్ని అడ్డం పెట్టుకుని బేరాలేంటి? ఎవరు పెట్టారో ఈ సంతకాలు!" అంది.

"నేనే," అన్నాను. "బిల్డింగ్ అందరి చేతా పెట్టించాను. చదవలేదు."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది. బుడగల సీసా సంచిలో వేసుకుని, పాపకి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

పాప పరిగెత్తుకెళ్ళి మూసిన తలుపుని రెండు చేతులతో కొట్టింది. ఆవిడ మూడు నెలలుగా నేర్పుతున్నా రాని మాట అప్పుడు వచ్చింది. "మోర్," అంది. నా వైపు తిరిగి మళ్ళీ అంది, "మోర్."